డీజిల్ ఊళ్లు, ఇనుప గనులు, రాని కరెంటు లైను: ఆర్కిటిక్ అభివృద్ధి ఎందుకింత చిక్కుముడి?

2025 నవంబరులో కెనడా ప్రభుత్వం దేశానికి కీలకమైన భారీ ప్రాజెక్టుల రెండో జాబితాను ప్రకటించింది. సహజవాయువు ఎగుమతి కేంద్రం, నికెల్ గని, గ్రాఫైట్ గని వంటి వాటి సరసన అందులో ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం కూడా ఉంది. కెనడా ఉత్తరాదిన ఉన్న నునావుట్ ప్రాంతపు రాజధాని ఇకాలుయిట్‌కు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజల సంస్థ కట్టదలచిన ఈ కేంద్రం సామర్థ్యం 15 నుంచి 30 మెగావాట్లు. మన శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో ఒక్క టర్బైనే 110 మెగావాట్లు. ఇంత చిన్న కేంద్రానికి జాతీయ జాబితాలో చోటెందుకు? అది వస్తే ఏటా ఒకటిన్నర కోట్ల లీటర్ల డీజిల్ మిగులుతుందన్నది అంచనా. అంత డీజిల్ ఎక్కడ మండుతోందో, ఎందుకు మండుతోందో తెలిస్తే ఆర్కిటిక్ గురించి వచ్చే సగం వార్తలు సులువుగా అర్థమవుతాయి.

ఆర్కిటిక్ అంటే ఒకే దేశమూ కాదు, ఒకే చట్టమూ కాదు. అలాస్కా, కెనడా ఉత్తరభాగం, గ్రీన్‌లాండ్, నార్వే, స్వీడన్, రష్యా పరిస్థితులు వేటికవే. ఈ వ్యాసంలో నునావుట్‌ను మధ్యలో పెట్టుకుని, అవసరమైన చోట మిగతావాటిని చూద్దాం. చిక్కులన్నీ ఒకేచోట కనిపించేది అక్కడే.

గ్రిడ్ లేని 25 ఊళ్లు

నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశంలో 60 శాతానికి పైనే. 2021 జనగణన ప్రకారం జనాభా మాత్రం 37 వేలకు కాస్త తక్కువ. వారిలో నూటికి 85 మంది ఇన్యూట్‌లు. ఇంత నేల మీద 25 ఊళ్లు ఉంటే, ఒక ఊరి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. కెనడా దక్షిణాదితోనూ రోడ్డు సంబంధం లేదు. కరెంటు లైను అసలే లేదు. ప్రతి ఊరికీ ఒక డీజిల్ విద్యుత్ కేంద్రం. దాని సరఫరా ఆ ఊరి పొలిమేర దాటదు.

ఆ డీజిల్ వేసవిలో ఓడ మీద వస్తుంది. సముద్రం మంచు విడిచి మళ్లీ గడ్డకట్టేలోగా, జూలై నుంచి అక్టోబరు దాకా దొరికే కొద్ది వారాల్లో ఏడాదికి సరిపడా ఇంధనం చేరాలి. చాలా ఊళ్లకు రేవు లేదు. ట్యాంకరు తీరానికి దూరంగా లంగరు వేస్తుంది. నీటి మీద తేలే గొట్టాన్ని ఒడ్డుదాకా లాగి, దాని గుండా డీజిల్‌ను ఊరి ట్యాంకుల్లోకి పంపుతారు. ఇటుకలు, కార్లు, గాలిమర రెక్కలు, జనరేటర్ విడిభాగాలు, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే రావాలి. మరిచిపోయిన వస్తువు విమానంలో రావాలి, లేదంటే వచ్చే వేసవిదాకా ఆగాలి.

డీజిల్ మురికి ఇంధనమని అక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా దాన్ని వదల్లేకపోవడానికి కారణం ఉంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కరెంటు పోతే కొన్ని గంటల్లో నీటి గొట్టాలు గడ్డకడతాయి, ఇళ్లు నివాసయోగ్యం కాకుండా పోతాయి. పక్క ఊరి నుంచి కరెంటు తెచ్చుకునే వీలు లేదు. మీట నొక్కగానే పలికేదీ, ట్యాంకులో ఏడాదిపాటు నిల్వ ఉండేదీ ఇప్పటికి డీజిలే.

సౌర ఫలకాలు ఏం చేయగలవు, ఏం చేయలేవు

కెనడా వాయవ్యాన యూకాన్‌లోని ఓల్డ్ క్రో గ్రామం ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉంది. దాదాపు 250 మంది జనాభా. రోడ్డు లేదు, విమానమే దిక్కు. అక్కడి వుంటుట్ గ్విచిన్ మూలవాసుల ప్రభుత్వం 2021లో 940 కిలోవాట్ల సౌర కేంద్రాన్ని పూర్తిచేసింది. ఏటా సుమారు 1.9 లక్షల లీటర్ల డీజిల్ ఆదా చేయాలన్నది లక్ష్యం.

దీన్ని కాస్త లెక్కగట్టి చూద్దాం. మంచి డీజిల్ జనరేటర్ లీటరుకు రమారమి 3.7 యూనిట్ల కరెంటు ఇస్తుంది. 1.9 లక్షల లీటర్లంటే 7 లక్షల యూనిట్లు. 940 కిలోవాట్ల ఫలకాలు ఏడాదిలో ప్రతి గంటా పూర్తి సామర్థ్యంతో పనిచేయగలిగితే 82 లక్షల యూనిట్లు రావాలి. అంటే వచ్చేది పూర్తి సామర్థ్యంలో ఎనిమిదిన్నర శాతం. రాయలసీమ ఎండలో ఇదే లెక్క 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పైగా ఆ ఎనిమిదిన్నర శాతం ఏడాదంతా సమంగా రాదు. వేసవిలో సూర్యుడు అస్తమించని వారాల్లో కరెంటు పొంగిపొర్లుతుంది. డిసెంబరులో, ఊరికి కరెంటు ఎక్కువగా కావలసిన రోజుల్లో, సున్నాకు పడిపోతుంది.

కాబట్టి సౌర కేంద్రం డీజిల్‌ను ఆదా చేస్తుంది తప్ప డీజిల్ కేంద్రాన్ని తొలగించదు. ఈ రెండింటి మధ్య తేడా చాలా చర్చల్లో మాయమవుతుంది. ఫలకాలు పెట్టిన తర్వాత కూడా జనరేటర్లు, ట్యాంకులు, వాటిని చూసే మనుషులు ఉండి తీరాలి. అంటే ఇంధన ఖర్చు తగ్గినా స్థిర ఖర్చు తగ్గదు. డీజిల్ ఇంజన్లకు మరో గుణం ఉంది. వాటిని మరీ తక్కువ భారంతో నడిపితే లోపల ఇంధనం సరిగా మండక మసి పేరుకుని పాడవుతాయి. అందుకే ఎండ బాగా కాసే రోజున కూడా ఇంజనును పూర్తిగా ఆపడమో, కనీస భారం మీద నడపడమో చేయాలి. పూర్తిగా ఆపాలంటే బ్యాటరీ తప్పనిసరి. ఓల్డ్ క్రో విజయంగా చెప్పుకునేది వేసవిలో ఇంజన్లు ఆగి, ఊరు నిశ్శబ్దంగా ఉండగలగడం. అది నిజంగా పెద్ద విషయమే.

గాలి విషయంలో కథ కొంత మెరుగు. అలాస్కాలోని కోట్‌జెబ్యూ 1997 నుంచే గాలిమరలు నడుపుతోంది. గాలి చలికాలంలోనూ వీస్తుంది. కాకపోతే రెక్కల మీద మంచు పేరుకుంటుంది, పునాది వేయాల్సిన నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, ఆ నేల ఇప్పుడు వాతావరణ మార్పుతో మెత్తబడుతోంది. గాలిమరను నిలబెట్టే క్రేను కూడా ఓడలోనే రావాలి.

ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. డీజిల్ కేవలం కరెంటుకే మండదు. ఇళ్లు వెచ్చగా ఉంచడానికీ, వాహనాలకూ పోయే ఇంధనం ఎక్కువ. కాబట్టి కరెంటు మొత్తం పచ్చబడినా ఊరికి ట్యాంకరు రాక ఆగదు.

ఆదా అయిన డబ్బు ఎవరి జేబులోకి?

లీటరు డీజిల్ ఒకటిన్నర డాలరు పడిందనుకుంటే యూనిట్‌కు ఇంధన ఖర్చే 40 సెంట్లు. దానిమీద ఇంజన్లు, ట్యాంకులు, సిబ్బంది ఖర్చు. ఆ ధర ఎవరూ భరించలేరు కనుక ప్రభుత్వం భారీగా రాయితీ ఇస్తుంది. నునావుట్‌లో సగానికి పైగా జనం ప్రభుత్వ అద్దె ఇళ్లలో ఉంటారు. వారు కట్టే కరెంటు బిల్లు అసలు ఖర్చులో చిన్న భాగమే.

కాబట్టి ఎవరైనా తన పైకప్పు మీద ఫలకం పెడితే మిగిలేది ప్రధానంగా ప్రభుత్వ ఖజానాకే. ఇంటివారికి మిగిలేది తక్కువ. రాయితీ అంతా డీజిల్ చుట్టూ అల్లుకుని ఉన్నంతకాలం సౌర కరెంటుకు ఇంటి స్థాయిలో ప్రోత్సాహం రాదు. ఓల్డ్ క్రో ఈ ముడిని ఒక పద్ధతిలో విప్పింది. సౌర కేంద్రం మూలవాసుల ప్రభుత్వానిది. వచ్చిన కరెంటును దీర్ఘకాలిక ఒప్పందం మీద విద్యుత్ సంస్థకు అమ్ముతుంది. డీజిల్ కొనడానికి బయటికి పోయే డబ్బులో కొంత ఊళ్లోనే ఆగుతుంది. నా దృష్టిలో ఈ కేంద్రంలో ఫలకాలకన్నా ఆ ఒప్పందమే ముఖ్యం.

గని రోడ్డు తెస్తుంది, కానీ ఎవరికి?

ఇక గనుల సంగతి. ఉత్తరాదిన రోడ్డు, రేవు, విమానాశ్రయం వేయడానికి అయ్యే ఖర్చును కొన్ని వందల మంది ఊరు మోయలేదు. మోయగలిగేది గనే. నునావుట్‌లోని బేకర్ లేక్ ఊరి నుంచి మెడోబ్యాంక్ బంగారు గనికి 110 కిలోమీటర్ల రోడ్డు పడింది. 2010లో గని ఉత్పత్తి మొదలైంది. ఆ రోడ్డు ఊరిని ఇంకో ఊరితో కలపదు. ఊరి రేవును గనితో కలుపుతుంది. గనికి కరెంటు కూడా సొంత డీజిల్ కేంద్రం నుంచే, ఊరి కేంద్రంతో సంబంధం లేకుండా. కరిబూ జింకల మందలు వలస వెళ్లే కాలంలో రోడ్డు మీద రాకపోకలు ఆపేయాలి.

అలాస్కాలోని రెడ్ డాగ్ జింకు గనిది మరో పద్ధతి. నేల ఇన్యూపియాట్ మూలవాసుల నానా కార్పొరేషన్‌ది. 84 కిలోమీటర్ల రోడ్డునూ రేవునూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టింది. గని కంపెనీ వాడకపు రుసుము కడుతూ వస్తోంది. 1989లో ఉత్పత్తి మొదలైంది. నానాకు 2007 నుంచి నికర ఆదాయంలో 25 శాతం వాటా దక్కింది. ఐదేళ్లకోసారి 5 శాతం చొప్పున పెరిగి 50 శాతానికి చేరాలన్నది ఒప్పందం. 1971 నాటి అలాస్కా మూలవాసుల చట్టం ప్రకారం ఇలాంటి ఖనిజ ఆదాయంలో 70 శాతాన్ని మిగతా ప్రాంతీయ మూలవాసుల సంస్థలతో పంచుకోవాలి. అంటే ఒక గని సొమ్ము రాష్ట్రమంతటా మూలవాసులకు చేరుతుంది. మరోవైపు దిగువనున్న కివలినా గ్రామస్థులు తమ నీటి గురించి ఏళ్లుగా ఆందోళన చెబుతూనే ఉన్నారు. లాభం పంచుకునేవారి జాబితా పెద్దది, నీరు తాగేవారి జాబితా చిన్నది.

గని మూతబడితే? బాఫిన్ దీవి ఉత్తరాన ననిసివిక్ అనే గని ఊరు ఉండేది. 1976లో సీసం, జింకు తవ్వకం మొదలైంది. జెట్ విమానాలు దిగే రన్‌వే, లోతైన రేవు, ఇళ్లు, పక్కనున్న ఆర్కిటిక్ బే ఊరికి రోడ్డు, అన్నీ వచ్చాయి. నునావుట్‌లో రెండు జనావాసాలను కలిపిన రోడ్డు అదొక్కటే. 2002లో గని మూసేశారు. తర్వాత ఇళ్లు కూల్చేశారు. రేవును నౌకాదళ ఇంధన కేంద్రంగా మారుస్తామని 2007లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రణాళిక కుంచించుకుపోయింది, గడువులు జారిపోయాయి. అక్కడ వచ్చిన మౌలిక సదుపాయాలు జనం అవసరాన్ని బట్టి వచ్చినవి కావు, ఖనిజం ఉన్న చోటుకు వచ్చినవి. ఖనిజం అయిపోయాక వాటి నిర్వహణ ఖర్చు భరించేవారు లేకపోయారు.

ఒక లైను లెక్క

మరి గనులకూ ఊళ్లకూ కలిపి ఒకే లైను వేస్తే? నునావుట్‌లోని కివాలిక్ ప్రాంతపు ఇన్యూట్ సంస్థలు అదే ప్రతిపాదిస్తున్నాయి. దక్షిణాన పొరుగునున్న మానిటోబా రాష్ట్రపు జలవిద్యుత్ గ్రిడ్ నుంచి ఉత్తరానికి సుమారు 1,200 కిలోమీటర్ల లైను, 150 మెగావాట్ల సామర్థ్యం, వెంట ఇంటర్నెట్ కేబుల్, ఐదు ఊళ్లు, దారిలోని గనులు.

ఖర్చు 300 కోట్ల డాలర్లు అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె. వడ్డీని పక్కనపెట్టి 40 ఏళ్లకు పంచితే ఏటా ఏడున్నర కోట్ల డాలర్లు. లైను సామర్థ్యంలో 70 శాతం వాడితే ఏడాదికి 92 కోట్ల యూనిట్లు పారతాయి. యూనిట్‌కు లైను ఖర్చు 8 సెంట్లు. డీజిల్ ఇంధనమే 40 సెంట్లు పడుతున్న చోట ఇది బంగారు బాతు. ఇప్పుడు గనులను తీసేయండి. ఐదు ఊళ్లూ కలిసి ఏటా 6 కోట్ల యూనిట్లు వాడతాయనుకుంటే అదే లైను ఖర్చు యూనిట్‌కు డాలరుంపావు. డీజిల్‌కు మూడింతలు.

అసలు చిక్కు ఇదే. గని ఉంటేనే లైను గిట్టుబాటు. కానీ గని ఆయుష్షు సాధారణంగా పది, ఇరవై ఏళ్లు. లైను ఆయుష్షు 40, 50. గని పదిహేనేళ్లకు మూసేస్తే మిగిలిన పాతికేళ్ల భారం ఎవరిది? కంపెనీ అంతకాలం హామీ ఇవ్వదు. ఊళ్లు ఇవ్వలేవు. కాబట్టి ప్రభుత్వం నష్టభయాన్ని మోయాలి. అప్పుడు దక్షిణాది పన్ను చెల్లింపుదారుడు వేసే ప్రశ్న: ఇది ఊళ్లకు కరెంటా, గనులకు రాయితీనా? రెండూనని ప్రతిపాదకులు నిజాయితీగానే చెబుతారు. ఏది ఎంత అన్న దగ్గరే వాదం.

కొన్ని గనులు ఎవరికోసమూ ఆగకుండా సొంత దారి చూసుకున్నాయి. క్యూబెక్ ఉత్తరాన ఉన్న రాగ్లాన్ నికెల్ గని 2014లో 3 మెగావాట్ల గాలిమర పెట్టి ఏటా దాదాపు 20 లక్షల లీటర్ల డీజిల్ మిగిల్చింది. డయావిక్ వజ్రాల గని 2012లో 9.2 మెగావాట్ల గాలిమరలు, 2024లో సౌర ఫలకాలు పెట్టింది. దానికి డీజిల్ వచ్చేది గడ్డకట్టిన సరస్సుల మీద ఏడాదికి రెండు నెలలు మాత్రమే ఉండే మంచు రోడ్డు మీద. 2006లో చలి తగ్గి ఆ రోడ్డు ముందే కరిగినప్పుడు ఇంధనాన్ని విమానాల్లో మోయాల్సి వచ్చింది. అక్కడ గాలిమరకు అసలు కారణం పర్యావరణ ప్రేమకన్నా ఆ భయమే అనుకోవాలి. ఆ గనిలో తవ్వకం 2026తో ముగించాలన్నది ప్రణాళిక.

రష్యాది ఇంకో దారి. చుకోట్కాలోని పెవెక్ రేవులో రెండు 35 మెగావాట్ల రియాక్టర్లతో తేలే అణువిద్యుత్ కేంద్రం 2019 డిసెంబరు నుంచి కరెంటు ఇస్తోంది. సాంకేతికంగా అది పనిచేస్తోంది. ఊరివాళ్ల సమ్మతి ఎలా తీసుకున్నారన్న ప్రశ్న అక్కడ బహిరంగంగా అడిగే పరిస్థితి లేదు కనుక, దాన్ని మిగతావాటితో పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం.

నేల ఎవరిది, 'వద్దు' అనే హక్కు ఎవరికి?

1993 నాటి నునావుట్ ఒప్పందం ఇన్యూట్ సంస్థలకు 3,56,000 చదరపు కిలోమీటర్ల నేలపై యాజమాన్యం ఇచ్చింది. అందులో భూగర్భ ఖనిజాలపై కూడా హక్కు ఉన్నది సుమారు 38,000 చదరపు కిలోమీటర్లలోనే. ఇన్యూట్ నేలలో పెద్ద గని పెట్టాలంటే ముందుగా ప్రభావ, ప్రయోజన ఒప్పందం కుదరాలి: ఉద్యోగాల్లో వాటా, కాంట్రాక్టులు, శిక్షణ, డబ్బు. దానికి తోడు స్వతంత్ర పర్యావరణ సమీక్షా మండలి బహిరంగ విచారణ జరిపి కేంద్ర మంత్రికి సిఫార్సు చేస్తుంది. తుది నిర్ణయం మంత్రిది.

తెలుగు పాఠకులకు ఇది వింటే 1997 నాటి సమతా తీర్పు గుర్తుకు రావడం సహజం. షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదన్న ఆ తీర్పు, తవ్వకం జరిగిన చోట నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి కేటాయించాలని కూడా చెప్పింది. తేడా ఏమిటంటే, అక్కడ ఇన్యూట్ సంస్థ స్వయంగా భూయజమాని. అందువల్ల కాపాడుకునేదీ బేరమాడేదీ అదే. ఆ రెండు పాత్రలూ ఒకరికే ఉండటం వల్ల ఏమవుతుందో మేరీ రివర్‌లో తేలింది.

బాఫిన్ దీవిలోని మేరీ రివర్ ఇనుప ఖనిజం ఎంత నాణ్యమైనదంటే శుద్ధి చేయకుండానే ఓడకెక్కించవచ్చు. గని నుంచి మిల్న్ ఇన్‌లెట్ రేవుకు 100 కిలోమీటర్ల మట్టి రోడ్డు. లారీలు తిరిగినకొద్దీ ఎర్ర దుమ్ము మంచు మీద పరుచుకుంది. మంచు కరిగించి తాగునీరు చేసుకునే వేటగాళ్లకు ఆ ఎరుపు కంటికి నదురుగా లేదు. కంపెనీ ఉత్పత్తిని ఏటా 60 లక్షల టన్నుల నుంచి 1.2 కోట్ల టన్నులకు పెంచి, లారీల బదులు 110 కిలోమీటర్ల రైలు వేస్తామంది. రైలుతో దుమ్ము తగ్గుతుందని, పెద్ద ఎత్తున తవ్వితేనే గని నిలబడుతుందని, లేకపోతే ఉద్యోగాలు పోతాయని దాని వాదన. పాండ్ ఇన్‌లెట్ ఊరి వేటగాళ్ల వాదన వేరు. ఓడల చప్పుడుకు నార్వాల్ తిమింగలాలు తరలిపోతున్నాయని, రైలు పట్టాలు కరిబూల దారికి అడ్డమని. సర్వేల్లోనూ అక్కడి సముద్రపాయ ఎక్లిప్స్ సౌండ్‌లో నార్వాల్‌లు తగ్గినట్టు కనిపించింది. పక్కనున్న అడ్మిరల్టీ ఇన్‌లెట్‌కు మారి ఉండవచ్చని మరికొందరి వివరణ.

2021 ఫిబ్రవరిలో, కొరికే చలిలో, కొందరు వేటగాళ్లు మంచు స్కూటర్లతో వచ్చి గని రన్‌వేనూ రోడ్డునూ దాదాపు వారం రోజులు అడ్డుకున్నారు. తమ తరఫున సంతకాలు చేసే ప్రాంతీయ ఇన్యూట్ సంస్థ తమ మాట వినడం లేదన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. లోపల గని కార్మికులు చిక్కుకున్నారు. వారిలోనూ ఇన్యూట్‌లున్నారు. 2022 మే నెలలో సమీక్షా మండలి విస్తరణ వద్దని సిఫార్సు చేసింది. నవంబరులో మంత్రి దానిని ఆమోదించి ప్రాజెక్టును తిరస్కరించారు. కంపెనీ 2012లోనే అనుమతి పొందిన దక్షిణపు రైలు మార్గం వైపు మళ్లింది. అది 149 కిలోమీటర్లు.

'ఊరు ఒప్పుకుంది', 'ఊరు వ్యతిరేకించింది' అని రాసే వార్తలను నేను అనుమానంగా చూసేది ఇందుకే. ఒకే ఇంట్లో అన్న గనిలో రెండు వారాల డ్యూటీకి విమానమెక్కుతాడు, ఆ జీతంతోనే తమ్ముడు వేటకు పోయే మంచు స్కూటరూ పెట్రోలూ వస్తాయి.

పచ్చటిదైనా సమ్మతి కావాలి

శుద్ధ ఇంధనమైతే ఈ గొడవలుండవనుకుంటే నార్వేలోని ఫోసెన్‌ను చూడాలి. అది ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణాన ఉన్నా, అక్కడి మూలవాసులైన సామీల రెయిన్‌డీర్ మేత భూమి. అక్కడ 151 గాలిమరలు నిలిపారు. రెయిన్‌డీర్లు గాలిమరల దగ్గరికి రావు. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో లైసెన్సులు చెల్లవని, సామీల సాంస్కృతిక హక్కులకు భంగమని చెప్పింది. అప్పటికే రెక్కలు తిరుగుతున్నాయి. తీర్పు తర్వాతా తిరిగాయి. ఓస్లోలో నిరసనలు జరిగి, 2023 డిసెంబరులోనూ 2024 మార్చిలోనూ పరిహారం, ప్రత్యామ్నాయ మేత భూమి వంటి షరతులతో రాజీలు కుదిరాయి. వాతావరణం కోసమే కదా అని ప్రభుత్వం అంటే, ఇది పచ్చరంగు వలసవాదమని సామీలన్నారు. రెండో వాదనను తేలిగ్గా తీసేయలేం. ఫోసెన్ కరెంటు పోయేది జాతీయ గ్రిడ్‌కు, మేత పోయింది కాపరులకు.

ఇకాలుయిట్ దగ్గరి జలవిద్యుత్ ప్రతిపాదన ఆసక్తికరం అయ్యేది ఈ నేపథ్యంలోనే. అక్కడ కట్టేదీ ఇన్యూట్ సంస్థే, వాడేదీ ఎక్కువగా ఇన్యూట్ ఊరే. అయినా నదిని ఆపితే చేపల మాటేమిటి, ఖర్చు పెరిగితే ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. మరో మార్పూ దగ్గరపడింది. నునావుట్‌లో ప్రభుత్వ భూములు, వాటి ఖనిజాల మీద నియంత్రణ ఇప్పటిదాకా ఒటావాలోని కేంద్ర ప్రభుత్వానిది. 2024 జనవరి 18న కుదిరిన ఒప్పందం ప్రకారం 2027 ఏప్రిల్ 1న అది నునావుట్ ప్రభుత్వానికి బదిలీ కావాలి. ఆ తర్వాత ఆ భూముల్లో వచ్చే రాయల్టీతో పాటు, మూతబడిన గనుల దగ్గర ఎవరు శుభ్రం చేయాలన్న తగవూ అక్కడికే చేరుతుంది.